మా అమ్మ పాపం

"పాపం అంటే ఏమిటి?" అని టీచర్ అడగగానే వెనక వరుసలోంచి ఒక పిల్లవాడు చెయ్యి ఎత్తకుండానే లేచాడు.

"కుక్కపిల్ల కుంటుకుంటూ పోతుంటే అంటాం కదా టీచర్, పాపం అని. అదే."

తరగతంతా నవ్వింది. టీచర్‌కి కూడా నవ్వొచ్చి, సుద్దముక్క పట్టుకున్న చెయ్యి మూతికి అడ్డం పెట్టుకుంది. పెదవి మీద తెల్లగా అంటుకుంది.

"అదీ పాపమే గానీ ఇప్పుడు మనకి కావలసిన పాపం అది కాదు. ఎదుటివాళ్ళని చూసి పాపం అంటే అది జాలి. మన లోపలికి మనం చూసుకుని, అయ్యో ఇది నేను చేశానే అనుకుంటామే, అదీ మనం ఫాదర్‌కి చెప్పుకోవలసిన పాపం. తేడా తెలిసిందా?"

"తెలిసింది టీచర్" అని తరగతి రాగం తీసింది. అలా రాగం తీశారంటే తెలియలేదని అర్థం. ఆ సంగతి ఆమెకు తెలుసు. కానీ శనివారం ఫాదర్ దగ్గర పాపాలు చెప్పుకునే మొదటి పాపసంకీర్తనం, ఆదివారం పూజలో అప్పం అందుకునే మొదటి సత్ప్రసాదం. పశ్చాత్తాప ప్రార్థన ఇంకా సగంమందికి నోటికి రాలేదు. ఒక్క మాట పట్టుకుని కూర్చునే తీరిక లేదు.

గది చివర కాళ్ళ మీద నిలబడే నల్లబోర్డు ఒకటుంది. దాన్ని కిర్రుమంటూ లాక్కొచ్చి కిటికీ పక్కన నిలబెట్టింది. వెనక ఒక కుర్చీ వేసుకుంది. ముందువైపు నేల మీద, మోకాళ్ళకు నొప్పి తెలియకుండా ఒక గోనెసంచి మడిచి పరిచింది. బడిని ఆనుకుని ఉన్న గుడిలో పాపసంకీర్తనపు పెట్టెకు జల్లెడలా చిల్లులున్న చెక్కతెర ఉంటుంది. ఇక్కడ ఆ తెర ఈ బోర్డే. ఏటా ఆమె ఇలాగే అభ్యాసం చేయిస్తుంది. చేయించకపోతే పిల్లలు ఫాదర్ ముందుకు వెళ్ళి బిక్కచచ్చిపోతారు. ఒక ఏడు ఒక పిల్ల భయంతో అక్కడే గౌను తడుపుకుంది.

"ఇప్పుడు నేను టీచర్ని కాదు, ఫాదర్ని. ఒక్కొక్కరే వచ్చి మోకరించి మెల్లగా చెప్పండి. మీరు ఫాదర్‌కి చెప్తే దేవుడికి చెప్పినట్టే. భయం వద్దు. ఇక్కడ చెప్పింది ఈ బోర్డు దాటదు. చెవిలో పడ్డది చెవిలోనే ఉండిపోతుంది. సరేనా?"

"నిజం పాపాలే చెప్పాలా టీచర్?"

"ఏవో రెండు చెప్పు నాయనా. అలవాటు కోసమేగా."

బోర్డు కింద జానెడు సందు ఉంది. అందులోంచి ఆమెకు పిల్లల మోకాళ్ళు, బూట్లు మాత్రమే కనబడుతున్నాయి. మొదట గీసుకుపోయిన మోకాళ్ళు వచ్చాయి.

"నన్ను దీవించండి ఫాదర్, నేను పాపిని. ఇది నా మొదటి పాపసంకీర్తనం. చీమల్ని చంపాను. చాలా చంపాను."

"ఎందుకు చంపావు?"

"వరసగా పోతున్నాయని."

తర్వాత వచ్చినవాడి బూటు తాడు ఊడి ఉంది. "ఆరో ఆజ్ఞ మీరాను ఫాదర్" అన్నాడు గంభీరంగా.

పదాజ్ఞల్లో ఆరోది వ్యభిచరించకూడదని. టీచర్ పెదవి కొరుక్కుంది. "ఆరోది ఏమిటో తెలుసా నీకు?"

"తెలీదు ఫాదర్. వాడు చీమల్ని చంపి అయిదోది వాడేసుకున్నాడు. నాకు ఆరోది వచ్చింది."

ఇంకొక పిల్ల జపమాల చెప్తూ నిద్రపోయానంది. "మా నాన్న కూడా నిద్రపోయాడు. ఆయన పాపసంకీర్తనానికి రానంటున్నాడు, ఆయనది కూడా నేనే చెప్పెయ్యనా?" అని అడిగింది. ఎవరిది వాళ్ళే చెప్పుకోవాలని టీచర్ చెప్పింది. వరుస కదలడం లేదు. వెనక తోపులాట మొదలైంది.

అప్పుడు వచ్చాయి ఆ కాన్వాసు బూట్లు. సుద్దముక్క తడిపి రుద్ది తెల్లగా చేసినవి. ఆ పిల్ల ఎవరో టీచర్‌కి బూట్లను బట్టే తెలిసింది. బడీ గుడీ కడిగే ఆయా కూతురు. గొంతు పైకి రాదని పిల్లలంతా గువ్వ అంటారు. అలా అనీ అనీ టీచర్లకు కూడా గువ్వే అయిపోయింది.

దీవించమని అడగడం తప్పు లేకుండా అయింది. తర్వాత గోనెసంచి మీద మోకాళ్ళు సర్దుకుంది.

"చెప్పు తల్లీ."

"మా అమ్మ పాపం..."

"అమ్మవి కాదమ్మా. ఇందాకే చెప్పానుగా, నీవి చెప్పాలి."

"మా అమ్మ పాపం ఫాదర్, గుళ్ళో కొవ్వొత్తి ముక్కలు ఇంటికి తెచ్చుకుంటుంది. తెచ్చుకుని రోజూ..."

గంట కొట్టారు. వెనకనుంచి ఎవరో తోసినట్టున్నారు, బోర్డు ఊగింది. టీచర్ రెండు చేతులా పట్టుకుంది.

"సరే సరే. ప్రాయశ్చిత్తంగా మూడు మంగళవార్త జపాలు చెప్పుకో. తర్వాత ఎవరు?"

తెల్ల బూట్లు ఒక్క క్షణం అలాగే ఉండి, వెనక్కి తిరిగాయి.

బడిని నడిపే పెద్ద సిస్టర్ గదిలో కిటికీ అద్దాలు ఎప్పుడూ మెరుస్తుంటాయి. బల్ల మీద పెన్నులు కూడా ఎత్తు ప్రకారం నిలబడి ఉంటాయి. సాయంత్రం టీ వేళకు ఆ వారం సత్యోపదేశ పాఠాలు ఎంతవరకు వచ్చాయో చెప్పడానికి టీచర్ వెళ్ళింది. సిస్టర్‌కి ఆ రోజు ఒంట్లో బాగున్నట్టు లేదు. భుజం మీద చెయ్యి వేసి నొక్కుకుంటూ, "ఏమంటున్నారు మన పాపాత్ములు?" అంది.

ఆ మాటతో టీచర్‌కి హుషారొచ్చింది. చీమల సంగతి చెప్పింది. ఆరో ఆజ్ఞ సంగతి వాడి గొంతుతోనే చెప్పింది. సిస్టర్ నవ్వింది. ఆమె నవ్వడమే అరుదు. కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకునేంతగా నవ్వడం టీచర్ ఎప్పుడూ చూడలేదు. నాన్న పాపం కూడా చెప్పేస్తానన్న పిల్ల సంగతి చెప్పింది.

"ఇంకా నయం, ఆ పిల్ల నాన్నది చెప్తానంది. మన గువ్వైతే ఏకంగా వాళ్ళమ్మ పాపమే చెప్పేసింది సిస్టర్. గుళ్ళో కొవ్వొత్తి ముక్కలు ఇంటికి తెస్తుందట."

చివరి మాట నోట్లోంచి వస్తుండగానే, అది మిగతావాటి లాంటిది కాదని ఆమెకు తోచింది. కానీ ఊపులో ఉన్న మాట ఆగలేదు.

సిస్టర్ కళ్ళద్దాలు పెట్టుకుంది.

"అందుకా," అంది. "మొన్న మిగిలిన ముక్కలు కరిగించి మళ్ళీ కొవ్వొత్తులు పోసే అతను వచ్చి, ఈసారి డబ్బా తేలిగ్గా ఉందేమిటి సిస్టర్ అన్నాడు. నేను అతన్నే అనుమానించాను."

"చిన్నపిల్ల సిస్టర్. అభ్యాసానికి ఏదో ఒకటి చెప్పమన్నాను. నిజమో, అబద్ధమో."

"నిజమో కాదో ఆయానే అడుగుతాను. మీరు టీ తాగండి, చల్లారిపోతుంది."

టీచర్ టీ తాగింది. చల్లారిపోయే ఉంది.

మర్నాడు పొద్దున ఆమె బడికి వచ్చేసరికి వరండా సగం తడిగా, సగం పొడిగా ఉంది. తడి ఆగిపోయిన చోట బకెట్టు ఉంది. అందులో నీళ్ళు ఇంకా కదులుతున్నాయి. తుడుపుకర్ర గోడకు చేరేసి లేదు, నేల మీద పడి ఉంది. పెద్ద సిస్టర్ గది తలుపు వేసి ఉంది.

టీచర్ తన తరగతిలోకి వెళ్ళి హాజరు పిలిచింది. ప్రార్థన చెప్పించింది. కిటికీలోంచి చూస్తుండగా ఆయా బయటికి వచ్చింది. ఏడుస్తున్నట్టు లేదు. బకెట్టు దగ్గర ఒక్క నిమిషం నిలబడింది, మిగతా సగం తుడవాలా వద్దా అన్నట్టు. తర్వాత కర్ర తీసి గోడకు నిలబెట్టి, నీళ్ళు మొక్కల్లో పోసి, బకెట్టు బోర్లించి, గేటు వైపు నడిచింది. మడమలు నేలకు ఆనించకుండా, వేళ్ళ మీద. తడిలో జారకుండా అలా నడుస్తుందని టీచర్ ఇన్నాళ్ళూ అనుకునేది. గేటు దగ్గర నేల పొడిగా ఉంది. అక్కడా ఆమె అలాగే నడిచింది.

ఉపాధ్యాయుల గదిలో అందరికీ అప్పటికే తెలిసిపోయింది.

"పాపం, ఎన్నాళ్ళనుంచో చేస్తోంది."

"పాపం అంటే ఎలాగండీ, దేవుడి సొమ్ము ముట్టుకుంటే ఊరుకుంటారా?"

"అయినా ఎలా తెలిసిందట?"

ఎవరూ టీచర్ వైపు చూడలేదు. ఆమె డ్రాయరు తెరిచి, లోపల ఏదో వెతుకుతున్నట్టు చాలాసేపు చెయ్యి అందులోనే ఉంచింది.

మధ్యాహ్నం సిస్టరే పిలిపించింది. ఆయా ఒప్పుకుందట. అడగగానే ఒప్పుకుందట. ఎందుకు తీసుకున్నావంటే మాత్రం నోరు విప్పలేదట.

"ఆ పిల్లని ఈసారికి పక్కన పెట్టండి. వచ్చే ఏడు తీసుకుంటుంది సత్ప్రసాదం."

"దానిది తప్పేముంది సిస్టర్?"

"ఇంట్లో ఏం జరుగుతోందో తెలిసి ఊరుకుంది కదా. తెలిసి ఊరుకోవడం గురించి పాఠం చెప్పేది మీరే." సిస్టర్ గొంతు పెంచలేదు. ఆమె ఎప్పుడూ పెంచదు. "నాకు రాయి గుండె అనుకోకండి. ఎవరో తల్లి జ్వరంలో ఉన్న బిడ్డ కోసం వెలిగించిన కొవ్వొత్తులవి. ఆ మైనం మళ్ళీ బలిపీఠానికే రావాలి. అది కూడా నేను కాపాడలేకపోతే ఇక్కడ కూర్చుని ఏం లాభం?"

ఆ మాట అబద్ధమైతే టీచర్ కాదనేదేమో. 

"పిల్ల చదువు?" అని మాత్రం అడిగింది. ఆయా పనిలో ఉన్నందుకే గువ్వ ఈ బడిలో చదువుతోంది.

"పరీక్షల దాకా ఉండనీండి. తర్వాత చూద్దాం" అంది సిస్టర్.

ఆ సాయంత్రం ఇంట్లో టీచర్ గిన్నెలు తోముతుంటే అత్తగారు గడప మీద కూర్చుని జపమాల తిప్పుతోంది. ఆవిడ జపం చెప్తూనే ఇంట్లో జరిగేవన్నీ చూస్తుంది, వింటుంది, మధ్యమధ్య తీర్పులు కూడా చెప్తుంది.

"తోమిందే తోముతున్నావేమిటి? దాని కళాయి ఊడిపోతుంది."

టీచర్ చెప్పేసింది. బోర్డు, గువ్వ, టీ, సిస్టర్ నవ్వు, అన్నీ. అత్తగారి వేళ్ళు ఒక పూస దగ్గర ఆగాయి.

"నువ్వేమన్నా ఫాదర్వా వినడానికి?"

"ఆటలాగా అత్తయ్యా. అలవాటు చేయడానికి."

"ఆటే అయితే విని నవ్వుకోవాలి. మోసుకెళ్ళడం ఎందుకు? వినే కుర్చీలో కూర్చున్నదానివి, వినేవాళ్ళలాగే లేవాలి. ఆ పెద్దావిడ నవ్విందని నీకు హుషారెక్కింది, అంతే."

"అమ్మా, ఊరుకో" అన్నాడు భర్త లోపలి గదిలోంచి. ఆయన గడియారాలు బాగుచేస్తాడు. ఇంటికొచ్చాక కూడా ఒక కంటికి భూతద్దం బిగించుకునే ఉంటాడు.

"నేను ఊరుకునే ఉన్నానురా. జపం చెప్పుకుంటున్నా." పూస కదిలింది. "ఇంతకీ ఆ మైనం ముక్కలతో ఏం చేసుకుంటుందట?"

"తెలీదు."

"అడగలేదూ?"

టీచర్ గిన్నె బోర్లించింది. అడగలేదు. సిస్టర్ అడిగింది, కానీ ఆ గదిలో నిలబడి ఎవరు మాత్రం ఏం చెప్తారు? పిల్ల తనంతట తను ఏదో చెప్పబోయింది. "తెచ్చుకుని రోజూ" అంది. ఆ రోజూ తర్వాత ఏముందో తనే విన్లేదు.

శుక్రవారం పూజ అయ్యాక ఆమె గుడి వెనక గదికి వెళ్ళింది. ఫాదర్ పూజావస్త్రాలు మడత పెడుతున్నాడు. ఆయనకు పెద్ద వయసేమీ లేదు గానీ ఎప్పుడూ నిద్ర చాలని మనిషిలా ఉంటాడు. ఆమె చెప్పిందంతా మడత ఆపకుండా విన్నాడు.

"నేను ఆ పెట్టెలో కూర్చుని విన్నదైతే నా తల తీసినా బయటికి రాదమ్మా. మీరు విన్నదానికి ఆ రహస్యపు ముద్ర లేదు. కాబట్టి మీరు నియమమేదీ తప్పలేదు."

"నియమం తప్పలేదని నాకూ తెలుసు ఫాదర్. కానీ అది ఎవరికీ చెప్పనని పిల్లలతో అన్నాను."

ఆయన మడత సరిగా రాక విప్పి మళ్ళీ మొదలుపెట్టాడు.

"బడి పనివాళ్ళ సంగతి సిస్టర్ చేతిలో ఉంది. నేను చెప్పి చూస్తాను, కానీ ఆమె వింటుందనుకోను. కడగడానికి ఒక కంపెనీ మనిషిని అప్పుడే మాట్లాడేశారు." కొంచెం ఆగి, "పిల్లని మాత్రం రేపు తీసుకురండి. ఆ తెర దగ్గరికి వచ్చినవాళ్ళని ఆపే హక్కు ఎవరికీ లేదు, నాక్కూడా. ఆదివారం సంగతి నేను చూసుకుంటాను" అన్నాడు.

"మరి ఆయా?"

ఫాదర్ వస్త్రాలు అల్మారాలో పెట్టాడు. అల్మారా తలుపు బిగుసుకుపోయి ఉంది. భుజంతో నెట్టి మూశాడు.

ఆయా ఉండే గది సైకిల్ షాపు వెనక. దారి పొడుగునా పాత టైర్లు వేలాడుతున్నాయి. శనివారం మధ్యాహ్నం టీచర్ వెళ్ళేసరికి తలుపు తీసే ఉంది. ఒక మంచం, ఒక స్టవ్వు, గోడ మీద మరియమ్మ పటం. పటం ముందు కొవ్వొత్తి ఏదీ లేదు. టీచర్ కళ్ళు ముందు అక్కడికే వెళ్ళాయి. అలా వెళ్ళినందుకు తనకే సిగ్గేసింది.

ఆయా బోర్లించిన బకెట్టు మీద కూర్చుని కాళ్ళు ముందుకు చాపుకుని ఉంది. లేవబోయింది.

"కూర్చోండి, కూర్చోండి."

"ఇంకేం మిగిలిందని వచ్చారు టీచర్?"

మర్యాద తప్పలేదు గొంతులో. అందుకే టీచర్ నిలబడిన చోటే ఉండిపోయింది. గువ్వ మంచం మీద కూర్చుని బూట్లకు సుద్ద రుద్దుతోంది. తల ఎత్తలేదు.

టీచర్ చూపు దించితే ఆయా మడమలు కనబడ్డాయి. ఎండిన చెరువులో మట్టిలా పగిలి ఉన్నాయి. పగుళ్ళు చర్మం మీద గీతలు కాదు, లోపలికి దిగిపోయిన చీలికలు. అంచులు నల్లగా, లోపల ఎర్రగా. ఒకదాంట్లోంచి చెమ్మ ఊరుతోంది.

"ఏమిటివి?"

"కాళ్ళే" అంది ఆయా, వెనక్కి లాక్కుంటూ. "పొద్దుగూకులూ తడిలో ఉంటాయి కదా. చాకలి సోడా కలిపిన నీళ్ళు."

"చెప్పులు వేసుకోవచ్చుగా."

"అడిగాను. రబ్బరు చెప్పులు వేసుకుంటానని. గుళ్ళో చలువరాయి మీద నల్ల గీతలు పడతాయన్నారు." కోపమేమీ లేకుండా చెప్పింది, ఎప్పుడో అరిగిపోయిన సంగతిలాగా. "నిజమే, పడతాయి."

గువ్వ రుద్దడం ఆపింది.

"ముక్కలు గరిటెలో వేసి కరిగిస్తుంది టీచర్. కొంచెం నూనె వేస్తుంది. వేడివేడిగా ఆ పగుళ్ళలో పోసుకుంటుంది. పోసుకునేటప్పుడు దిండు కరుచుకుంటుంది, నాకు వినపడకూడదని. పొద్దున్నకి పూడుకుంటాయి. గుడి కడిగితే మళ్ళీ తెరుచుకుంటాయి."

"ఏయ్, ఊరుకో" అంది ఆయా.

"ఆ రోజు ఇదే చెప్పబోయాను. మీరు తర్వాత ఎవరు అన్నారు."

టీచర్ మంచం అంచు మీద కూర్చుంది. కూర్చోమని ఎవరూ అనలేదు.

"మరి పాపం అన్నావు కదమ్మా. మా అమ్మ పాపం అని."

"ఊ. కుక్కపిల్ల పాపం." గువ్వ ఆమె వంక చూసింది, ఇంత చిన్న విషయం తెలియదా అన్నట్టు. "ఫాదర్‌కి చెప్తే దేవుడికి చెప్పినట్టే అన్నారు మీరు. దేవుడికి చెప్తే అమ్మ కాళ్ళు బాగుచేస్తాడని చెప్పాను."

బయట సైకిల్ షాపులో ఎవరో చక్రం తిప్పి వదిలారు. అది ఆగేదాకా టీచర్ ఆ మడమల వైపే చూసింది.

"సిస్టర్ అడిగినప్పుడు ఇది చెప్పి ఉండాల్సింది" అంది టీచర్ చివరికి. "ఎందుకు తీశావంటే చెప్పలేదట."

"ఏమని చెప్పను? దేవుడి మైనం కాళ్ళకి రాసుకున్నానని చెప్పనా? తీశానంటే దొంగనన్నారు. ఇది కూడా చెప్తే ఏమంటారో." ఆయా తుడుపుగుడ్డ ముక్కొకటి తీసి మడమ కింద పెట్టుకుంది. "మీరు వచ్చింది పిల్లని గుడికి తీసుకెళ్ళడానికేగా. తీసుకెళ్ళండి. నా కోపం మీ మీదే గానీ దేవుడి మీద కాదు." గోడ వైపు తల ఊపింది.

"మీరూ రండి."

"నేను రేపు వస్తాను. తలుపు దగ్గర నిలబడతాను. లోపల ఇప్పుడు వేరే మనిషి కడుగుతోందట కదా."

గుడిలో పిల్లలు గోడ పక్కన వరుసగా కూర్చుని ఉన్నారు. చీమల్ని చంపినవాడు పెదవులు కదుపుతూ వల్లె వేసుకుంటున్నాడు. ఆరో ఆజ్ఞవాడు టీచర్ని చూసి, "ఈసారి వేరేది దొరికింది టీచర్, నిజందే" అని చెవిలో చెప్పాడు. ఆమె తల నిమిరింది. గువ్వని చివర కూర్చోబెట్టింది.

వరుస మెల్లగా తరిగింది. ఒక్కొక్కరూ చెక్కపెట్టె దగ్గర మోకరించడం, గుసగుస, లేవడం. టీచర్ దూరంగా నిలబడింది. ఇక్కడ కింద సందు లేదు. పిల్లల వీపులు మాత్రమే కనబడతాయి. గువ్వ వీపు ఎక్కువసేపు కనబడలేదు. మిగతా అందరికంటే త్వరగా లేచి, బల్ల దగ్గరికి వెళ్ళి ప్రాయశ్చిత్తపు జపాలు చెప్పుకుని వచ్చింది.

తిరిగి వెళ్ళేటప్పుడు ఏమీ అడగకూడదని టీచర్ గట్టిగా అనుకుంది. అడగలేదు కూడా. గుడి మెట్లు దిగుతుండగా గువ్వే అంది.

"ఇంకేమన్నా ఉందా తల్లీ అని అడిగారు ఫాదర్. ఏం లేదన్నాను."

"మంచిది."

"ఉంది. చెప్పలేదు."

"ఏమీ భయం లేదమ్మా. ఫాదర్ ఎవరికీ చెప్పరు. ఆయన చెవిలో పడ్డది..."

"మీరూ అలాగే అన్నారు కదా టీచర్."

తప్పు పడుతున్నట్టు అనలేదు. కూడికలో ఎక్కడ పొరపాటు వచ్చిందో చూపించినట్టు అంది. అని, కింది మెట్టు మీదకు గెంతింది, బూట్లకు మట్టి అంటకుండా.

టీచర్ ఆ మెట్ల మీదే నిలబడిపోయింది. ఎన్నో ఏళ్ళుగా ఎందరో పిల్లల్ని ఆ తెర దాకా నడిపించింది. ఈ పిల్లని కూడా తీసుకొచ్చింది. పిల్ల తెర దగ్గరికి వచ్చింది, మోకరించింది, నోరు మూసుకుని లేచింది. ఇలా మూసుకోవడం నేర్పింది ఎవరో ఆమె ఎవరినీ అడగనక్కర్లేదు. దేవుడు పిల్ల మనసులోది అడగకుండానే చూస్తాడని తనకు తాను చెప్పుకుంది. అది నిజమే. నిజమే గానీ, పిల్ల చెప్పకపోవడం కూడా ఆయన చూసే ఉంటాడు కదా.

ఆదివారం గుడి నిండిపోయింది. ఫాదర్ మాటను సిస్టర్ కాదనలేదు. గువ్వ వరుసలో చివర ఉంది, ఎవరిదో పాత తెల్లగౌను తొడుక్కుని. కొంచెం పొడుగైతే అంచు లోపలికి మడిచి కుట్టారు. ప్రతి పిల్ల చేతిలో వెలిగించిన కొవ్వొత్తి. చలువరాతి నేల మీద అక్కడక్కడ నల్ల గీతలున్నాయి. కంపెనీ నుంచి వచ్చిన కొత్త మనిషి రబ్బరు బూట్లు వేసుకుని కడిగింది. ఎవరూ ఏమీ అన్నట్టు లేదు.

ఆయా తలుపు దగ్గర గోడకు ఆనుకుని, ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకు బరువు మార్చుకుంటూ నిలబడింది. గువ్వ నాలుక చాపి సత్ప్రసాదం అందుకున్నప్పుడు ఆయా కళ్ళు మూసుకుంది. టీచర్ తన వంతు వచ్చినా సత్ప్రసాదానికి లేవలేదు. పాపం మనసులో ఉంచుకుని అది అందుకోకూడదని పాఠం చెప్పేది తనే. అత్తగారు మోచేత్తో పొడిచింది. "లే." టీచర్ తల అడ్డంగా ఊపింది. అత్తగారు ఒకసారి ఆమె మొహంలోకి చూసి, ఇంకేమీ అనకుండా తనొక్కతే వెళ్ళింది.

పూజ అయ్యాక పిల్లలు పక్క తలుపులోంచి వెళ్తూ, మిగిలిన కొవ్వొత్తి ముక్కలు ఆర్పి రేకు డబ్బాలో వేయాలి. డబ్బా పక్కన పెద్ద సిస్టర్ నిలబడి ఒక్కొక్కరికీ బొమ్మ కార్డు ఇస్తోంది. చివర గువ్వ వచ్చింది. ముక్కని జాగ్రత్తగా డబ్బాలో పెట్టింది. పెట్టి, రెండు అరచేతులూ తెరిచి సిస్టర్‌కి చూపించింది. అటూ ఇటూ తిప్పి కూడా చూపించింది.

సిస్టర్ చేతిలో కార్డు ఒక్క క్షణం గాలిలో ఆగింది. తర్వాత ఆ తెరిచిన చేతుల్లో పెట్టి, "దేవుడు దీవించుగాక" అంది. 

ఫోటోకి అందరినీ బయటికి పిలిచారు. మెట్ల మీద పొడుగువాళ్ళు వెనక, పొట్టివాళ్ళు ముందు అని ఎవరో అరుస్తున్నారు. డబ్బాను వెనక గదికి చేర్చడం టీచర్ పని. ఆమె వంగి మూత పెట్టబోయింది. లోపల ముక్కలు ఒకదాని మీద ఒకటి, ఇంకా వెచ్చగా, వత్తుల దగ్గర సన్నటి పొగతో. ఆమె చెయ్యి లోపలికి వెళ్ళింది. గుప్పెట్లో ఎన్ని పడితే అన్ని పట్టుకుంది. రెండో చేత్తో సంచి జిప్పు లాగింది.

జిప్పు చప్పుడుకో మరి దేనికో ఆమె తల తిప్పింది. పక్క తలుపులో గువ్వ నిలబడి ఉంది. జపపుస్తకం బల్ల మీద మరిచిపోయినట్టుంది. డబ్బాను చూసింది. గుప్పిటిని చూసింది. ఒక అడుగు లోపలికి వేసి, బయటివాళ్ళకు వినపడకుండా, తన మామూలు గొంతులో అంది.

"టీచర్, పాపం."

ఏ పాపమో ఆ గొంతును బట్టి తెలియలేదు. టీచర్ అడగలేదు. చేతిలో మైనం ఇంకా మెత్తగానే ఉంది. ఆమె వేళ్ళు బిగించిన చోటల్లా దాని మీద గుర్తులు పడుతున్నాయి.